బాయిలర్ దగ్గరి గదులు ఉడికిపోతున్నాయి, చివరి గది వేడెక్కడం లేదు. ఏం చెయ్యాలి?

మార్టేరు_టీచరమ్మ
మా అమ్మాయి ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటుంది. పురుడై ఇంకా నెల నిండలేదు. నా వీసా రాలేదు, అందుకని మార్టేరులో కూర్చుని అన్నీ వీడియో కాల్‌లోనే చూసుకుంటున్నాను. వాళ్ళది పాత మేడ ఇల్లు. కింద హాలు, ముందు గది, వంటిల్లు. పైన మూడు పడగ్గదులు, బాత్రూమ్. ప్రతి గదిలో గోడకి ఇనప రేడియేటర్ ఉంది, వంటింట్లో గ్యాస్ బాయిలర్ ఉంది. అందులో కాగిన నీళ్ళు గొట్టాల్లో రేడియేటర్లకి వెళ్ళి గదుల్ని వేడి చేస్తాయి. హాల్లోకి అడుగుపెడితే స్వెట్టర్ విప్పేయాలి. పైన వెనక గదిలో మాత్రం 14 డిగ్రీలు దాటడం లేదు. ఉయ్యాల ఉన్నది ఆ గదిలోనే. పసిపిల్ల పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని ఇంటికొచ్చే నర్సు చెప్పి వెళ్ళిందట.

ఒక మెకానిక్‌ని పిలిపించారు. ఆయన బాయిలర్ వేడి 80కి పెంచి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు హాలు ఇంకా మండిపోతోంది, వెనక గది ఎప్పటిలాగే ఉంది, గ్యాస్ బిల్లు మాత్రం పెరిగింది. అమ్మాయికి ఒకటే టెన్షన్. మన వేదికలో ఆ దేశాల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, ఎవరికైనా ఇది తెలుసా?

యానాం_సీనన్న
మనవడా, మనవరాలా? బాయిలర్ సంగతి తర్వాత, ముందది చెప్పండి.

మార్టేరు_టీచరమ్మ
మనవరాలు.

యానాం_సీనన్న
అయితే పూతరేకులు పార్సిల్ చెయ్యాల్సిందే. ఆత్రేయపురం నుంచి నేను తెప్పిస్తాను.

నిడదవోలు_నిదానం
ఇంత కష్టం దేనికండి, ఆ గదిలో ఒక ఆయిల్ హీటర్ పెట్టుకుంటే సరిపోతుంది. మా తమ్ముడు కెనడాలో అదే చేస్తాడు.

అమలాపురం_కోడలు
రెండు మూడు రోజులకైతే ఆయిల్ హీటర్ నయమే గానీ, చలికాలమంతా అంటే కష్టం. ఇంగ్లండులో కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కి సుమారు నాలుగు రెట్లు. మేం అక్కడ ఉన్నప్పుడు చూశాం. పైగా పసిపిల్ల గదిలో రాత్రంతా ప్లగ్ హీటర్ అంటే నాకు భయం. టీచర్ గారూ, ఆ రేడియేటర్‌లో గాలి పట్టిందేమో చూశారా? పైన మూల ఒక చిన్న చతురస్రం కడ్డీ ఉంటుంది, దానికో తాళం ఇస్తారు.

మార్టేరు_టీచరమ్మ
చూశాడమ్మా అల్లుడు. తాళంతో తిప్పగానే గాలి రాలేదు, తిన్నగా నీళ్ళే చిమ్మాయి. రేడియేటర్ పైనా కిందా ఒకేలా గోరువెచ్చగా ఉంది.

బర్మింగ్‌హామ్_భీమవరం
ఆ ఒక్క మాటతో సగం తేలిపోయింది టీచర్ గారూ. రేడియేటర్ పైభాగం చల్లగా ఉండి కింద వేడిగా ఉంటే గాలి పట్టినట్టు. పైన వేడిగా ఉండి కింద మధ్యలో చల్లగా ఉంటే లోపల నల్లటి మడ్డి పేరుకున్నట్టు. అది ఇనుము తుప్పు, గాలి తీసేటప్పుడు నీళ్ళు నల్లగా వస్తాయి. మీరు చెప్పేది ఈ రెండూ కాదు. మొత్తం ఒకే తీరుగా గోరువెచ్చగా ఉందంటే నీళ్ళు వెళ్తున్నాయి గానీ చాలినన్ని వెళ్ళడం లేదు.

బాయిలర్ దగ్గర పంపు వేడినీళ్ళని తోస్తుంది. గొట్టంలో మొదట వచ్చే రేడియేటర్లకి దారి దగ్గర, రాపిడి తక్కువ. నీళ్ళు అటే పోతాయి, హాలూ ముందు గదీ తిని వదిలిన మిగులే చివరి గదికి. ఏ రేడియేటర్‌కి ఎన్ని నీళ్ళో వాల్వులతో సరిచెయ్యడాన్ని ఇక్కడ బ్యాలెన్స్ చెయ్యడం అంటారు. ఇల్లు కట్టినప్పుడు ఒకసారి చేస్తారు. తర్వాత ఎవరో రంగులేయడానికి రేడియేటర్ విప్పుతారు, మళ్ళీ బిగించేటప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి వదిలేస్తారు. అక్కడితో లెక్కంతా పోతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. వెనక గది రేడియేటర్‌తో మీకు పెద్దగా పని లేదు. అసలు పనంతా వేడెక్కిపోతున్న గదుల దగ్గర.

లాకులపేట
ఇది మనకి తెలియనిదా. మా నాన్న కాలువ మీద లస్కరు, నేనూ ఇరిగేషన్‌లోనే పని చేస్తున్నాను. దాళ్వాలో శివారు భూములకి నీళ్ళందలేదని రైతులు గోల పెడతారు. అప్పుడు శివారుకి వెళ్ళి కాలువ తవ్వితే ఏం లాభం? ఎగువ తూముల షట్టర్లు దించితేనే కిందకి నీళ్ళు దిగుతాయి. వంతులవారీ పెట్టేది అందుకే. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకి ఎంత వదిలినా, ఎగువ వాళ్ళు తూములు బార్లా తెరుచుకుంటే శివారుకి చేరేది తడి మాత్రమే. ఆ మెకానిక్ బాయిలర్ వేడి పెంచడం అంటే హెడ్ దగ్గర నీళ్ళు పెంచడమే కదా. ఎగువ పొలాలు మునుగుతాయి, శివారు ఎండుతుంది.

మార్టేరు_టీచరమ్మ
ఇప్పుడు బుర్రకెక్కింది లాకులపేట గారూ. మా వీధిలో అందరికీ ఇలాగే చెప్పుకొస్తున్నాను.

కాకినాడ_కెమికల్
పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది, అది చెప్పకపోతే టీచర్ గారు తప్పు దారి పట్టొచ్చు. కాలువ తెరిచి ఉంటుంది, నీరు పల్లానికే పారుతుంది, వెనక్కి రాదు. రేడియేటర్ల గొట్టాలది మూసిన చుట్టు. బాయిలర్ నుంచి వెళ్ళిన నీరంతా తిరిగి బాయిలర్‌కే వస్తుంది. పైకి ఎక్కే నీటి బరువు ఎంతో, కిందకి దిగే నీటి బరువూ అంతే. ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి. కాబట్టి 'పై గది కదా, ఎత్తు మీద ఉంది కదా, అందుకే నీళ్ళు ఎక్కడం లేదు' అనుకోవద్దు. పంపు పోరాడేది గొట్టాల రాపిడితోనే, ఎత్తుతో కాదు. ఆ వెనక గది కిందే ఉన్నా, అంతే పొడుగు గొట్టం చివర ఉంటే ఇలాగే చల్లగా ఉండేది.

లాకులపేట
ఒప్పుకుంటాను సార్. మన మురుగు కాలువల్లో నీరు తిరిగి ధవళేశ్వరం వస్తే అంతకన్నా ఏం కావాలి!

ఉండి_రొయ్యలు
కెమికల్ గారూ, ఆగండి. ఎత్తుతో పనిలేదంటున్నారు. మరి మా ఇంట్లో ట్యాంకు మేడ మీద ఉంది. కింద బాత్రూమ్‌లో కుళాయి తిప్పితే పైన షవర్ దారంలా అయిపోతుంది. మా ఆవిడ తలంటుకునేటప్పుడు కింద ఎవరైనా బకెట్ పట్టారంటే ఇంట్లో యుద్ధమే.

కాకినాడ_కెమికల్
మీది వేరే కథండి. మీ నీళ్ళు తిరిగి ట్యాంకులోకి రావు, కుళాయిలోంచి బయటికి పోతాయి. అక్కడ ఎత్తే ప్రాణం. 10 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీ షవర్‌కీ ట్యాంకుకీ మధ్య రెండు మీటర్లు ఉంటే గొప్ప, అంటే 0.2 బార్. కింద కుళాయికి ఇంకో మూడున్నర, నాలుగు మీటర్లు కలుస్తుంది. కారణం వేరైనా మందు మాత్రం ఒకటే, ఎక్కువ తాగేవాడి నోరు కొంచెం నొక్కాలి.

రావులపాలెం_పైపులు
ఉండి వారికి నేను చెప్తాను, మా కొట్టుకి రోజూ ఇదే బేరం. మీ ట్యాంకు నుంచి ఒకటే పైపు దింపి, దారిలో టీలు వేసి పైకీ కిందకీ ఇచ్చి ఉంటారు. అవునా?

ఉండి_రొయ్యలు
అవునండి. ఇంచి పైపు ఒక్కటే.

రావులపాలెం_పైపులు
అదే. కింద కుళాయి తెరిచినప్పుడు నీళ్ళు జోరుగా దిగుతూ పై లైన్ నుంచి కూడా లాగేస్తాయి, ఒక్కోసారి షవర్‌లోంచి గాలి పీలుస్తుంది కూడా. ప్రస్తుతానికి కింద బాత్రూమ్ యాంగిల్ కాక్‌లు, అంటే గోడ దగ్గరుండే చిన్న వాల్వులు, కొంచెం మూయండి. ఒక మనిషి కింద బకెట్ పడుతుండాలి, ఒక మనిషి పైన షవర్ కింద చెయ్యి పెట్టి కేక వెయ్యాలి. ఎక్కడ రెండూ సరిపోతే అక్కడ వదిలెయ్యండి. మెయిన్ లైన్‌లో ఉన్న బాల్ వాల్వు సగం తెరిచి మాత్రం వదలొద్దు. అది పూర్తిగా తెరవడానికీ పూర్తిగా మూయడానికీ చేసింది, సగంలో ఉంచితే లోపల సీటు కోసుకుపోయి తర్వాత పూర్తిగా మూసినా కారుతుంది. ఇంటికి మళ్ళీ పని పెట్టినప్పుడు పై బాత్రూమ్‌కి ట్యాంకు నుంచి విడిగా లావు పైపు దింపించి, ట్యాంకు బయటే గాలి గొట్టం ఒకటి నిలబెట్టించండి. దాంతో ఈ గొడవ ఉండదు.

మార్టేరు_టీచరమ్మ
నా రేడియేటర్ దగ్గరికి వద్దామా? అల్లుడు వీడియోలో చూపించాడు. ఒక్కో రేడియేటర్‌కి కింద రెండు పక్కలా రెండు బిరడాలు ఉన్నాయి. ఒకదాని మీద 1 నుంచి 5 దాకా అంకెలు. రెండో దాని మీద తెల్ల ప్లాస్టిక్ టోపీ, ఊరికే గుండ్రంగా తిరుగుతోంది, ఏమీ అవడం లేదు. అంకెల దాన్ని హాల్లో 2కి తగ్గిస్తే సరిపోదా?

బర్మింగ్‌హామ్_భీమవరం
సరిపోదండి. ఆ అంకెల వాల్వు గది వేడిని బట్టి తనంతట తనే మూసుకునేది. 3 దగ్గర పెడితే సుమారు 20 డిగ్రీలు. గది చల్లగా ఉన్నంతసేపూ అది బార్లా తెరిచే ఉంటుంది. అంటే పొద్దున్నే ఇల్లంతా చల్లగా ఉన్నప్పుడు, సరిగ్గా అప్పుడే, హాలు మళ్ళీ నీళ్ళన్నీ లాగేస్తుంది. రెండోవైపు తెల్ల టోపీ కింద ఉన్నదే అసలు వాల్వు, లాక్‌షీల్డ్ అంటారు. ఎవరూ ఊరికే తిప్పకూడదనే టోపీ పెడతారు. టోపీ పైకి లాగితే ఊడొస్తుంది, కొన్నిటికి చిన్న స్క్రూ ఉంటుంది. లోపల ఇత్తడి కడ్డీ కనిపిస్తుంది, కొస చతురస్రంగా ఉంటుంది. చిన్న స్పానర్‌తో పట్టుకుని తిప్పాలి. కుడికి తిప్పితే మూసుకుంటుంది.

ఇంకోటి. ఇంటి థర్మోస్టాట్ ఎక్కడ ఉంది?

మార్టేరు_టీచరమ్మ
హాల్లో, మెట్ల పక్కన గోడకి.

బర్మింగ్‌హామ్_భీమవరం
దొరికింది! హాలు అన్నిటికన్నా ముందు వేడెక్కుతుంది. థర్మోస్టాట్ ఉన్నది హాల్లో. హాలు 20 చేరగానే అది ఇల్లంతా వేడెక్కిందనుకుని బాయిలర్‌ని ఆపేస్తుంది. వెనక గది అప్పటికి వేడెక్కడం మొదలైనా అయి ఉండదు. పాపకి చలి వేస్తోందన్న సంగతి బాయిలర్‌కి తెలిసే దారే లేదు. హాలు నిదానంగా వేడెక్కేలా చేస్తే బాయిలర్ ఎక్కువసేపు నడుస్తుంది, వెనక గదికి వంతు వస్తుంది.

అమలాపురం_కోడలు
అయ్యో, మేం అక్కడున్న నాలుగేళ్ళూ ఇదే జరిగిందన్నమాట. హాల్లో చెమటలు, పడగ్గదిలో రజాయిలు.

నిడదవోలు_నిదానం
మరి పంపు స్పీడు పెంచితే? మూడు స్పీడ్లు ఉంటాయంటారు కదా.

కాకినాడ_కెమికల్
పెంచితే అందరికీ పెరుగుతుంది, దగ్గర వాళ్ళకి ఎక్కువ పెరుగుతుంది. వాటాలు మారవు. గొట్టాల్లో చప్పుడు కూడా మొదలవుతుంది. ముందు వాటాలు సరిచేసి, అప్పటికీ చివరికి చాలకపోతే పంపు సంగతి చూడాలి.

మార్టేరు_టీచరమ్మ
సరే, అల్లుడు శనివారం ఖాళీగా ఉంటాడు. మొదటి నుంచీ చెప్పండి. నేను కాగితం మీద రాసి ఫొటో పంపిస్తాను.

బర్మింగ్‌హామ్_భీమవరం
తీరిగ్గా చదవండి. పొద్దున బాయిలర్ ఆపేసి ఉండాలి, రేడియేటర్లన్నీ చల్లగా ఉండాలి. అంకెల వాల్వులన్నీ 5 దగ్గర పెట్టాలి, తల విప్పేయడం వస్తే ఇంకా మంచిది. లాక్‌షీల్డ్ ఒక్కొక్కటీ ముందు పూర్తిగా మూసి, ఎన్ని తిప్పులకి మూసుకుందో గది పేరు పక్కన రాసుకోవాలి. పని చెడితే మళ్ళీ మొదటికి రావడానికి ఆ కాగితమే ఆధారం. తర్వాత అన్నీ పూర్తిగా తెరవాలి.

ఇప్పుడు థర్మోస్టాట్ బాగా పెంచి బాయిలర్ వెయ్యాలి. అల్లుడు గారు ఇల్లంతా తిరుగుతూ ఏ రేడియేటర్ ముందు వేడెక్కింది, ఏది తర్వాత, ఏది చివర అని వరస రాసుకోవాలి. ఒక్కడే అయితే కష్టం, పై అంతస్తు అమ్మాయి చూడాలి. మళ్ళీ ఆపి చల్లారనివ్వాలి. ఇక్కడ తొందరపడితే పనంతా వృథా.

తర్వాత మళ్ళీ వేసి, వరసలో మొదటి రేడియేటర్ దగ్గర మొదలుపెట్టాలి. లాక్‌షీల్డ్ పూర్తిగా మూసి, పావు తిప్పు మాత్రం తెరవాలి. కొంచెంసేపు ఆగి, రేడియేటర్‌లోకి వెళ్ళే గొట్టం వేడి, బయటికి వచ్చే గొట్టం వేడి కొలవాలి. రెండిటికీ తేడా సుమారు 12 డిగ్రీలు రావాలి. తేడా 5, 6 మాత్రమే ఉంటే నీళ్ళు జోరుగా పోతున్నట్టు, ఇంకొంచెం మూయాలి. తేడా 20 దాటితే నీళ్ళు చాలడం లేదు, ఇంకొంచెం తెరవాలి. వరసలో రెండోది, మూడోది అలాగే. చివర్లో వెనక గదికి వచ్చేసరికి దాన్ని పూర్తిగా తెరిచి ఉంచడమే అవసరం కావచ్చు.

రావులపాలెం_పైపులు
ఆ కడ్డీ చుట్టూ ఉన్న పెద్ద నట్టు జోలికి పోవద్దని చెప్పండి. స్పానర్ జారి దానికి పట్టుకుంటే అది వదులై నీళ్ళు చిమ్ముతాయి. చాలా ఏళ్ళుగా తిప్పని వాల్వు తిప్పాక కడ్డీ మొదట్లో ఒక బొట్టు తడి కనిపిస్తే, ఆ నట్టు బిగింపు వైపు రవ్వంత తిప్పితే ఆగుతుంది. కింద పాతబట్ట పరుచుకోమనండి. పాత ఇల్లంటున్నారు, రంగు పూసి టోపీ అతుక్కుపోయి ఉంటుంది, చాకుతో అంచు కోసి తీయాలి, గుంజితే విరుగుతుంది.

కాకినాడ_కెమికల్
12 డిగ్రీల మీద నాకు అభ్యంతరం. అది పాత బాయిలర్ల లెక్క. నీళ్ళు 82కి వెళ్ళి 71కి వెనక్కి వచ్చే కాలంలో పెట్టుకున్నది. ఇప్పటివి కండెన్సింగ్ బాయిలర్లు. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో కొత్తగా బిగించేవి చాలావరకు ఆ రకమే ఉండాలని నియమం. వాటిలో వెనక్కి వచ్చే నీరు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, ఆ వేడి కూడా ఇంటికి దక్కుతుంది. మెకానిక్ 80 పెట్టాడంటున్నారు, తేడా 12 అయితే నీరు 68కి వస్తుంది. ఆవిరిలోని ఆ వేడి పొగతో బయటికి పోతుంది. బిల్లు పెరిగింది అందుకే. తేడా 20కి సరిచెయ్యాలి, బాయిలర్ 65కి దింపాలి.

బర్మింగ్‌హామ్_భీమవరం
సిద్ధాంతం మీదే కరెక్టు సార్. కానీ పాత ఇల్లు, సన్న గొట్టాలు, చేసేది మొదటిసారి. 20 తేడా కోసం లాక్‌షీల్డ్ వెంట్రుక వాసి తెరిచి ఉంచాలి, ఆ స్థితిలో కొన్ని వాల్వులు బుస్సుమని చప్పుడు చేస్తాయి, పసిపిల్ల గది పక్కన అది వద్దు. అన్ని గదులూ ఒకే తేడాకి రావడం ముఖ్యం, అది 12 అయినా 15 అయినా. బాయిలర్ దింపాలన్న మాటకి మాత్రం నా ఓటు మీకే.

కాకినాడ_కెమికల్
అన్నీ ఒకేలా ఉండడం ముఖ్యం. దానికి నేనూ సరే.

యానాం_సీనన్న
ఇంత లెక్క మా ఇంటర్ ఫిజిక్స్‌లో కూడా లేదు. టీచరమ్మ గారూ, మీరు ఏ సబ్జెక్టు?

మార్టేరు_టీచరమ్మ
తెలుగు.

ఎడిసన్_తణుకు
ఇది చదివి నేనూ స్పానర్ పట్టుకున్నాను. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్ రేడియేటర్‌కి ఒకటే గొట్టం ఉంది, పక్కన చిన్న వెండి బుడ్డిలాంటిది ఉంది, అది సన్నగా ఈల వేస్తుంది. లాక్‌షీల్డ్ కనిపించట్లేదు.

కాకినాడ_కెమికల్
స్పానర్ కింద పెట్టెయ్యండి! మీది ఆవిరి రేడియేటర్. అందులో తిరిగేది వేడినీరు కాదు, ఆవిరి. ఆవిరి వెళ్ళేదీ నీరుగా మారి వెనక్కి వచ్చేదీ ఆ ఒక్క గొట్టంలోనే. దాని వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. సగం తెరిస్తే నీరు వెనక్కి రాలేక లోపల సమ్మెటతో కొట్టినట్టు మోగుతుంది. వాటిలో గదుల మధ్య వేడి సరిచేసేది ఆ ఈల వేసే బుడ్డితోనే. అది గాలి వదిలే వెంట్. దూరపు గదికి గాలి త్వరగా వదిలేది, దగ్గర గదికి నెమ్మదిగా వదిలేది పెడతారు. అద్దె ఇల్లయితే ఓనరుకి చెప్పండి.

ఎడిసన్_తణుకు
అద్దెదే. పెట్టేశాను.

అమలాపురం_కోడలు
టీచర్ గారూ, గాలి తీశాక బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు చూశారా? తాళం తిప్పినప్పుడల్లా కొంచెం నీరు పోతుంది, ముల్లు పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు 1, 1.5 బార్ మధ్య ఉండాలి. మాకొకసారి ఒకటి కన్నా కిందకి పోయి బాయిలరే ఆగిపోయింది.

మార్టేరు_టీచరమ్మ
ఇప్పుడే అడిగాను. 0.8 ఉందట. కింద వెండి రంగు తీగ గొట్టంలాంటిది ఉంది, దాని కుళాయి తిప్పితే పెరుగుతుందని బాయిలర్ పుస్తకంలో ఉందట.

బర్మింగ్‌హామ్_భీమవరం
అదే. నెమ్మదిగా తెరిచి 1.3 దగ్గర గట్టిగా మూసెయ్యమనండి. అంతవరకు మనం చెయ్యొచ్చు. బాయిలర్ పెట్టె విప్పి గ్యాస్ వైపు చెయ్యి పెట్టడం మాత్రం వద్దు. అది ఈ దేశంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే చెయ్యాలి, చట్టం.

లాకులపేట
శనివారం ఏమైందండి? మా ఆఫీసులో అందరూ అడుగుతున్నారు.

మార్టేరు_టీచరమ్మ
ఆదివారం సాయంత్రందాకా పట్టింది. చెప్తాను. ముందు గదిలో, హాల్లో లాక్‌షీల్డ్‌లు పూర్తిగా తెరిచి ఉన్నాయి. వెనక గదిది ఒక తిప్పు మాత్రమే తెరిచి ఉంది! అంటే ఎవరో తారుమారుగా పెట్టారు. వేడెక్కిన వరస: హాలు, ముందు గది, వంటిల్లు, బాత్రూమ్, ముందు పడగ్గది, చిన్న గది, చివర వెనక గది. హాలుది పావు తిప్పు దగ్గర ఉంచితే గొట్టాల తేడా 14 వచ్చింది. ముందు గదికి పావు కన్నా కొంచెం ఎక్కువ పట్టింది. బాత్రూమ్‌లో తువ్వాళ్ళు ఆరేసే నిచ్చెనలాంటి రేడియేటర్ ఉంది, దాన్ని తగ్గించేసరికి పైనున్న మిగతావన్నీ ఒక్కసారిగా లేచాయి. వెనక గదిది పూర్తిగా తెరిచాం.

రాత్రి హాలు 20, వెనక గది 18. బాయిలర్ 65కి దింపాక చూసిన లెక్క ఇది. అమ్మాయి పాపని ఆ గదిలోనే పడుకోబెట్టింది.

యానాం_సీనన్న
శభాష్ అల్లుడు గారూ! పూతరేకులు ఆయనకి కూడా.

బర్మింగ్‌హామ్_భీమవరం
తువ్వాళ్ళ రేడియేటర్ సంగతి బాగా పట్టుకున్నారు. అది ఎప్పుడూ దొంగే. చిన్నదిలా కనిపిస్తుంది, అంకెల వాల్వు లేకుండా చాలా ఇళ్ళలో బార్లా తెరిచి ఉంటుంది. దాన్ని పూర్తిగా మాత్రం మూయకండి. అంకెల వాల్వులన్నీ మూసుకున్నప్పుడు పంపు తోసే నీటికి ఒక దారి మిగలాలి. కొన్ని ఇళ్ళలో ఆ దారి అదే.

నిడదవోలు_నిదానం
హాలుకి పావు తిప్పే ఇస్తే హాలుకి వేడి చాలుతుందా? నాకిదే అర్థం కాలేదు.

కాకినాడ_కెమికల్
చాలుతుందండి. నీళ్ళు సగానికి తగ్గిస్తే వేడి సగానికి తగ్గదు. నెమ్మదిగా వెళ్ళే నీరు రేడియేటర్‌లో ఎక్కువసేపు ఉండి, తన వేడి ఎక్కువ వదిలి వెళ్తుంది. తగ్గేది కొంచెమే. ముందు అక్కడ జోరుగా తిరిగిన నీరు వేడి వదలకుండానే బాయిలర్‌కి తిరిగొచ్చేది. అదే నీరు ఇప్పుడు వెనక గదిలో పనికొస్తోంది.

ఉండి_రొయ్యలు
మా ఇంటి కబురు. కింద యాంగిల్ కాక్‌లు కొంచెం మూశాం. బకెట్ నిండడం కొంచెం ఆలస్యం అవుతోంది గానీ పైన షవర్ సన్నబడడం ఆగింది. మా ఆవిడ పైపులు గారికి థాంక్స్ చెప్పమంది. గాలి గొట్టం ఎంత ఎత్తు పెట్టాలండి?

రావులపాలెం_పైపులు
ట్యాంకులో నీళ్ళు నిండే మట్టం కన్నా పైకి ఉండాలి, లేకపోతే దాంట్లోంచే నీళ్ళు కారతాయి. ట్యాంకు మూత కన్నా ఒక అడుగు పైకి లేపి, కొస వంచి దోమతెర కట్టండి. మీ చెరువుల దగ్గర దోమలు చెప్పనక్కర్లేదు కదా.

మార్టేరు_టీచరమ్మ
ఇంకో ప్రశ్న. బాయిలర్ నుంచి బయటికి తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఉందట, నిన్నటినుంచి దాంట్లోంచి నీళ్ళు ఇదివరకటి కంటే ఎక్కువ కారుతున్నాయట. ఏదైనా లీకా?

కాకినాడ_కెమికల్
లీకు కాదు, శుభవార్త. పొగలోని ఆవిరి ఇప్పుడు నీరుగా మారుతోంది. ఆ నీరే అది. కొంచెం ఆమ్లం ఉంటుంది, కిందే మొక్కల కుండీలు ఉంటే జరిపించండి.

బర్మింగ్‌హామ్_భీమవరం
గట్టిగా మంచు పడే రాత్రుల్లో ఆ గొట్టం గడ్డకట్టి బాయిలర్ ఆగిపోవడం ఈ దేశంలో మామూలే. ఇంటి బయట ఉన్న ముక్కకి నురుగు తొడుగు చుట్టించండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ఆగిపోతే గోరువెచ్చని నీళ్ళు పొయ్యాలి, మరిగేవి వద్దు, గొట్టం పగులుతుంది.

మార్టేరు_టీచరమ్మ
రాసుకున్నాను. లాక్‌షీల్డ్ తిప్పుల లెక్క కూడా కాగితం మీద రాయించి బాయిలర్ తలుపు లోపల అతికించమన్నాను. ఈసారి ఎవరైనా రంగులేయడానికి రేడియేటర్ విప్పితే, మూసిన దగ్గర నుంచి ఏ గదికి ఎంత తెరవాలో అందులో ఉంటుంది.

రావులపాలెం_పైపులు
కాగితానికి ప్లాస్టిక్ కవర్ వెయ్యమనండి, వంటింటి ఆవిరికి అక్షరాలు చెరిగిపోతాయి.